శాంట్రో సస్పెన్షన్ ఇంట్లోనే విప్పాను: స్ప్రింగ్ కంప్రెసర్ బాగుంది, కానీ కొనకండి

ముందే చెప్పేస్తున్నా, ఇది కారు స్ప్రింగుని నొక్కి పట్టే స్ప్రింగ్ కంప్రెసర్ అనే పనిముట్టు మీద రివ్యూ. కానీ దాన్ని ఎందుకు కొన్నానో, దానితో ఏం చేశానో, చేసిన పనే మళ్లీ ఎన్నిసార్లు చేయాల్సి వచ్చిందో చెప్పకుండా "4 స్టార్లు, డెలివరీ టైముకి వచ్చింది, ప్యాకింగ్ బాగుంది" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. అలాంటి రివ్యూలు నమ్మే నేను మొదటి కంప్రెసర్ కొని 700 రూపాయలు పోగొట్టుకున్నాను. డబ్బు పోతే పోయింది, చెయ్యి పోలేదు, అదృష్టం.

కారు 2007 శాంట్రో జింగ్. మా మావయ్య బందరులో ఎనిమిదేళ్లు నడిపి 2015లో మాకిచ్చారు. పైకి చూస్తే ఇప్పటికీ నీటుగా ఉంటుంది గానీ ఎనిమిదేళ్ల ఉప్పుగాలి కింద బోల్టులన్నిటికీ పట్టేసింది, ఆ సంగతి కింద దూరిన రోజు తెలిసింది. 2022లో పదిహేనేళ్లు నిండితే ఆర్సీ రెన్యువల్‌కి 5,000 కట్టాను (అదే ఏడాది ఏప్రిల్ నుంచే ఆ ఫీజు 600 నుంచి 5,000 అయింది, మన టైమింగ్ ఎప్పుడూ అంతే). కట్టాను కాబట్టి ఇంకో ఐదేళ్లు నడిపి తీరాలన్నది నా పంతం. ఇక గుడివాడ వైపు మా ఊరి లోపలి రోడ్లు చూసినవాళ్లకి సస్పెన్షన్ ఎందుకు పోతుందో వేరే చెప్పక్కర్లేదు. కింద నల్లరేగడి, వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం బీటలు తీస్తుంది, పైన వేసిన తారు దానితోపాటే అలల్లా లేచి పడుతుంది. గుంతలైనా కనపడతాయి, పక్కకి తప్పించొచ్చు. ఈ అలల్ని తప్పించలేం.

శబ్దం ఎడమ ముందు చక్రం దగ్గర మొదలైంది. స్పీడ్ బ్రేకర్ దిగగానే "డొక్" మని ఒకటి, గతుకుల రోడ్డు మీదైతే "డొక్ డొక్ డొక్" అని వరసగా. "కారూ డొక్కే, శబ్దమూ డొక్కేనా" అంది మా ఆవిడ. ఒక గ్యారేజీకి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు బానెట్ మూల మీద రెండు చేతులూ వేసి రెండుసార్లు నొక్కి వదిలి, "సస్పెన్షన్ మొత్తం లేచిపోయింది సార్, 24 వేలవుద్ది" అన్నాడు. ఏయే సామాను మారుస్తావో కాగితం మీద రాసివ్వు తమ్ముడూ అంటే "మొత్తం సార్" అన్నాడు. మొత్తం అంటే ఏంటయ్యా అంటే మళ్లీ "మొత్తం సార్". అబద్ధం చెప్పాడని నేననను. కానీ 24 వేలు ఇచ్చేటప్పుడు ఆ "మొత్తం" లోపల ఏమేం ఉన్నాయో తెలుసుకోవాలనిపించింది, అంతే, అక్కడ మొదలైంది నా తిప్పలు.

తెలియనివాళ్ల కోసం కొంచెం. మనం "షాకప్" అని ఒకే మాటలో అనేస్తాం గానీ ముందు చక్రం దగ్గర ఉండేది ఒక్క వస్తువు కాదు. బరువు మోసేది స్ప్రింగు. గుంతలో పడి లేచిన స్ప్రింగు ఊగుతూనే ఉండకుండా ఆపేది లోపల ఆయిల్‌తో పనిచేసే షాక్ అబ్సార్బర్. ఈ రెండింటినీ ఒకే కడ్డీ మీద కూర్చి, పైన రబ్బరు మౌంటు, దాని కింద బేరింగు పెట్టి బానెట్ కింద బాడీకి బిగిస్తారు. ఈ మొత్తాన్ని స్ట్రట్ అంటారు, మ్యాక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు పేరు మీద. 1950లో ఫోర్డ్ వాళ్లు ఇంగ్లండులో తెచ్చిన కార్లలో వాడారు, అప్పట్నుంచి చవకగా, చోటు తక్కువ తీసుకునేలా ఉంటుందని చిన్న కార్లలో ఎక్కువవాటికి ఇదే. మీరు స్టీరింగ్ తిప్పితే స్ప్రింగుతో సహా ఈ స్తంభమంతా తిరుగుతుంది, అందుకే పైన బేరింగు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత నాకెక్కడ దెబ్బ తగిలిందో దీంతోనే అర్థమవుతుంది. ఇక కింద చక్రాన్ని కారుకి కలిపే లోయర్ ఆర్మ్, అది కారుకి తగిలే చోట రబ్బరు బుష్షులు, చక్రం వైపు చివర బాల్ జాయింటు, పక్కన మలుపుల్లో కారు ఒరిగిపోకుండా ఆపే కడ్డీకి కలిపే స్టెబిలైజర్ లింకు. "మొత్తం" అంటే ఇవి.

ఒక ఆదివారం పొద్దున ఇంటి ముందు సిమెంటు గచ్చు మీద కారు పెట్టి, వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్కలు కొట్టి, జాకీతో లేపి స్టాండు మీద దింపాను. స్టాండు అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే కారుతో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికి మాత్రమే, దాన్ని నమ్మి కారు కిందకి తల పెట్టకూడదు. ఇటుకలు అసలే వద్దు. ఇటుక వంగదు, "ఇక విరుగుతాను" అని చెప్పదు, ఒక్కసారిగా పిండైపోతుంది. స్టాండ్లు జత 1,800 పడ్డాయి, ఈ కథ మొత్తంలో నేను పెట్టిన ఖర్చులో మళ్లీ ఆలోచించకుండా పెట్టేది ఇదొక్కటే.

స్టాండు మీద పెట్టాక పరీక్ష చాలా మామూలు విషయం. లింకు రాడ్డుని చేత్తో పట్టుకుని ఊపితే వదులైన పన్నులా కదిలింది. బుష్షు పక్కన లావు స్క్రూడ్రైవరు దూర్చి మీటితే రబ్బరు నోరు తెరిచింది, చీలిక లోపలికి నా గోరు పట్టింది. ఎడమ షాకప్ కింద సగం నల్లగా జిడ్డు కారి, ఆ జిడ్డుకి దుమ్ము అంటుకుని చిమ్నీ గోడలా తయారైంది. కుడిది పొడిగానే ఉంది. పైన బేరింగు సంగతి తెలియాలంటే మా వాణ్ని (ఎనిమిదో తరగతి, సెల్‌ఫోన్ వదిలి రావడానికి ఇరవై నిమిషాలు) లోపల కూర్చోబెట్టి స్టీరింగ్ తిప్పమని నేను స్ప్రింగు మీద అరచెయ్యి ఆనించాను. ఇసుక నమిలినట్టు చేతికి తెలిసింది. అంటే షాకప్ ఒకటి పోయింది, లింకులు పోయాయి, బుష్షులు పోయాయి, మౌంట్లు పోయాయి, బాల్ జాయింట్లు బాగానే ఉన్నాయి, స్ప్రింగులు శుభ్రంగా ఉన్నాయి. ఆ కుర్రాడి "మొత్తం"లో సగం కరెక్టే.

సామాన్ల కోసం ఆటోనగర్ వెళ్లాను. విజయవాడలో ఉండి ఆటోనగర్ వెళ్లకుండా ఆన్‌లైన్‌లో కారు సామాన్లు కొనడం బెజవాడలో కృష్ణ పెట్టుకుని బాటిల్ నీళ్లతో స్నానం చేసినట్టు. పాత సామాను సంచిలో వేసుకుని వెళ్లడం మంచిది, కౌంటరు మీద పెడితే మాటలు తగ్గుతాయి. షాకప్‌లు గేబ్రియల్ కంపెనీవి జత తీసుకున్నాను. ఎడమది ఒకటే పోయింది కదా ఒకటే ఇవ్వండి అంటే, షాపాయన కళ్లద్దాలు పైకి నెట్టుకుని "ఒక కాలికి కొత్త చెప్పు, ఒక కాలికి పాతది వేసుకుని నడుస్తావా బాబూ" అన్నాడు. నిజమే, రెండు వైపులా ఒకేలా పట్టకపోతే బ్రేకు కొట్టినప్పుడు, మలుపులో కారు ఒక పక్కకి లాగుతుంది. జత సుమారు 4,000. లింకులు, బుష్షులు కలిపి ఇంకో 1,500 చిల్లర. ఇక్కడిదాకా బుద్ధిగా ఉన్నాను.

మౌంట్ల దగ్గర బుద్ధి గడ్డి తింది. హ్యుందాయ్ వాళ్ల సొంత సామాన్ల బ్రాండు మోబిస్ మౌంటు ఒక ధర, దాని పక్కనే అచ్చం అలాగే నల్లగా మెరుస్తూ పేరు సరిగ్గా చదవడానికి కూడా రాని డబ్బాలో ఉన్నది అందులో సగానికి తక్కువ. "రబ్బరు ముక్కేగా" అనుకున్నాను. షాపాయన ఏమీ అనలేదు, ఒకసారి నావైపు చూసి బిల్లు రాశాడు. ఆ చూపుకి అర్థం మార్చి నెలలో తెలిసింది.

ఇప్పుడు అసలు వస్తువు. స్ట్రట్ విప్పి స్ప్రింగు బయటికి తీయాలంటే ముందు ఆ స్ప్రింగుని నొక్కి పట్టాలి. విప్పిన స్ట్రట్ చేతిలో ప్రశాంతంగా కనపడుతుంది గానీ లోపల స్ప్రింగు అణిగి ఉంటుంది, పైన ఒక్క నట్టు దాన్ని ఆపి ఉంచుతుంది. ఎనిమిది వందల కిలోలు పైబడిన కారుని మోసే స్ప్రింగు అది. నొక్కి పట్టకుండా ఆ నట్టు విప్పితే మౌంటు పైకప్పుకి తగులుతుంది, మధ్యలో మీ మొహం ఉంటే మొహానికి. దయచేసి దీన్ని సరదాగా తీసుకోకండి.

స్ప్రింగ్ కంప్రెసర్ అంటే ఇళ్లలో వాడేది రెండు పొడుగు బోల్టులు, ఒక్కోదానికి పైనా కిందా కొక్కేలు. స్ప్రింగు చుట్టలకి ఎదురెదురుగా తగిలించి బోల్టులు బిగిస్తూ పోతే స్ప్రింగు దగ్గరికి వస్తుంది. మొదట కొన్న 700 రూపాయల దాంట్లో మూడొంతులు బిగించాక ఒక కొక్కెం నోరు మెల్లగా తెరుచుకుంటోంది. మెల్లగా అంటే కంటికి కనపడేంత మెల్లగా. పానా వదిలేసి, నిలబడి, రెండు అడుగులు వెనక్కి వేసి, "నాన్నా, నువ్వు లోపలికి పో" అని మా వాడికి చెప్పి, ఒక నిమిషం ఊపిరి పీల్చి, పక్క నుంచి, స్ప్రింగు చివరలకి ఎదురుగా లేకుండా, ఒక్కో చుట్టు వెనక్కి వదులుతూ వచ్చాను. ఆ నాలుగు నిమిషాల్లో పట్టిన చెమట మే నెలలో బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో కూడా పట్టలేదు. దాన్ని పాత ఇనుం వాడికేశాను, వాడు తక్కెట్లో వేసి 30 రూపాయలిచ్చాడు, నా దృష్టిలో దాని అసలు ధర అదే.

రెండోది 1,900. ఈ రివ్యూ దీని గురించే. చేతిలోకి తీసుకోగానే బరువు తేడా తెలుస్తుంది. కొక్కేలు పోత పోసినవి కాదు, కొట్టి చేసినవి, లోపలి వంపు స్ప్రింగు కడ్డీకి సరిగ్గా ఆనుతుంది. ప్రతి కొక్కేనికీ అడ్డంగా ఒక పిన్ను ఉంది, చుట్టకి తగిలించాక ఆ పిన్ను దూరిస్తే కొక్కెం జారి బయటికి రాదు. ఈ పిన్ను లేనిది ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోకండి. మరలు డబ్బాలోంచి తీసినప్పుడు పొడిగా ఉన్నాయి, గ్రీజు పూయమని ఎక్కడా రాయలేదు, అది వాళ్ల లోపం. గ్రీజు లేకుండా బిగిస్తే మర అరిగిపోతుంది, ఒకసారి అరిగిన మర మీద రెండోసారి ప్రాణం పెట్టలేం. ఇంకో ఇబ్బంది, శాంట్రో స్ప్రింగు చిన్నది, ఎక్కువ చుట్టలు పట్టుకునేంత చోటు లేదు, స్ప్రింగు కూర్చునే కింది పళ్లేనికి కొక్కెం తగులుతుంది. పెద్ద కార్ల కోసం చేసిన కొలత ఇది. రెండుమూడు చోట్ల మార్చి మార్చి పెడితే గానీ కుదరలేదు.

వాడే పద్ధతి కూడా చెప్పేస్తా. ఈ బోల్టు రెండు చుట్లు, ఆ బోల్టు రెండు చుట్లు, అలా సమంగా. ఓపిక లేక ఒకవైపే ఏడెనిమిది చుట్లు బిగిస్తే స్ప్రింగు అరటిపండులా వంగింది, చూస్తేనే భయమేసింది, మళ్లీ వెనక్కి. గాలి గన్నుతో, బ్యాటరీ గన్నుతో బిగించొద్దు, చేతి పానాయే వాడండి, ఎక్కడ బిగుసుకుంటోందో చేతికి తెలియాలి. పైన మౌంటు చేత్తో కొంచెం కదిలింది అంటే స్ప్రింగు వదులైనట్టు, అప్పుడు మాత్రమే నడిమి నట్టు.

ఆ నట్టు విప్పుతుంటే దానితోపాటు లోపలి కడ్డీ కూడా తిరుగుతుంది. అద్దంలా మెరిసే ఆ కడ్డీని కటింగ్ ప్లేయరుతో పట్టుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. పాతదాన్ని పట్టుకుంటే పట్టుకోండి, ఎలాగూ పారేసేదే. కొత్తదానికి మాత్రం ప్లేయరు తగలకూడదు. వెంట్రుకంత గీత పడినా అది పైకీ కిందకీ వెళ్లినప్పుడల్లా సీలుని కోస్తూ ఉంటుంది, కొత్త షాకప్ ఆరు నెలల్లో ఆయిల్ కక్కుతుంది, అప్పుడు మనం కంపెనీని తిట్టుకుంటాం. కడ్డీ కొస దగ్గర పట్టుకోవడానికి వేరే ఏర్పాటు ఉంటుంది, దాన్ని పట్టుకునే తిప్పాలి. అలాగే కొత్త షాకప్‌ని బిగించే ముందు నిలబెట్టి నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి లాగాలి, గోడౌన్‌లో అడ్డంగా పడుకుని ఉంటుంది కదా, ఆయిల్‌లోకి గాలి చేరి ఉంటుంది.

బోల్టులు ఊడదీయడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బందరు తుప్పు, ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే డబ్ల్యూడీ ఫార్టీ కొట్టి ఉంచాను, పానాకి పాత నీళ్ల గొట్టం తొడిగి లాగాను, పక్కింటి అంకుల్ "కారు పడిపోద్దేమో చూసుకోవయ్యా" అంటూ గోడ మీంచి కాపలా కాశారు. రెండు జాగ్రత్తలు మాత్రం. బ్రేకు కాలిపర్ విప్పాక దాన్ని గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో పైకి కట్టండి. స్ట్రట్‌కి, చక్రం పట్టుకునే నకిల్‌కి మధ్య ఉండే రెండు పెద్ద బోల్టులు తీసే ముందు అవి ఎలా కూర్చుని ఉన్నాయో తెల్ల పెయింటుతో గీత పెట్టుకోండి.

లోయర్ ఆర్మ్ బుష్షుల దగ్గర నా ఇంటి ఇంజనీరింగు ఆగిపోయింది. యూట్యూబులో ఎవరో బెంచి వైసులో రెండు సాకెట్లు పెట్టి బుష్షు నొక్కేశాడు. నేను ప్రయత్నిస్తే వైసే కిర్రుమంది, బుష్షు కదల్లేదు. రెండు ఆర్ములూ సంచిలో వేసుకుని మళ్లీ ఆటోనగర్, ఒక లేత్ షాపు. అక్కడి బాబాయ్‌కి డెబ్బై ఉంటాయి. ఆర్మ్ చేతిలోకి తీసుకుని మొట్టమొదట అడిగింది, "పాత బుష్షు ఏ వైపు తిరిగుందో గుర్తు పెట్టుకొచ్చావా?" లేదన్నాను. మాట్లాడకుండా జేబులోంచి సుద్దముక్క తీసి పాత బుష్షు అంచు నుంచి ఆర్మ్ మీదకి ఒక గీత గీశాడు, ప్రెస్సు కింద పెట్టాడు, హ్యాండిల్ నాలుగుసార్లు కొట్టాడు, "టప్" మని పాతది కింద పడింది, కొత్తది సుద్దగీతకి సరిపెట్టి మళ్లీ నాలుగు. రెండు ఆర్ములకీ కలిపి పదిహేను నిమిషాలు, 400 రూపాయలు. నేను వైసుతో పోట్లాడింది రెండు గంటలు.

డబ్బులిస్తూ మాటల్లో స్ప్రింగుల సంగతి చెప్పాను. గోడవైపు చూపించాడు. అక్కడ గోడకి బిగించిన పెద్ద కంప్రెసర్, స్ట్రట్‌ని నిలబెట్టి, పళ్లెం కింద చట్రం ఆనించి, చక్రం తిప్పితే స్ప్రింగు నిటారుగా, వంకర పోకుండా అణిగిపోయే రకం. "స్ట్రట్ ఊడదీసి తెచ్చుకుంటే ఒకదానికి 200, మార్చేసిస్తాం. నువ్వెందుకు కొన్నావు ఆ కొక్కేలు?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. అప్పటికే మొదటిదానికి 700, రెండోదానికి 1,900 పెట్టాను. రెండు స్ట్రట్లకి ఆయన తీసుకునేది 400.

అందుకే టైటిల్ అలా పెట్టాను. పనిముట్టులో తప్పు లేదు, ఉన్నంతలో మంచిదే. కానీ ఆటోనగర్ లాంటిది పక్కనున్న మనిషికి ఇది అక్కర్లేదు. బోల్టులు విప్పడం, బిగించడం ఇంట్లో చేసుకుంటే మిగిలేది చాలా ఉంది, కూలీ అంతా అక్కడే. స్ప్రింగు నొక్కడం, బుష్షు నొక్కడం, ఈ రెండూ యంత్రం ఉన్నవాళ్లకి ఇచ్చేయాలి. ఊరికి దూరంగా ఉండి, దగ్గర్లో అలాంటి షాపు లేనివాళ్లయితే కొనండి, పిన్నులున్నది కొనండి, గ్రీజు రాయండి.

సరే, తిరిగి బిగించాను. లోయర్ ఆర్మ్ బోల్టులు చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడు పూర్తిగా బిగించకూడదు, ఇది చాలా గ్యారేజీల్లో కూడా పట్టించుకోరు. బుష్షులోని రబ్బరు లోపలా బయటా ఇనుముకి అతుక్కుని ఉంటుంది, వేలాడే భంగిమలో బిగిస్తే కారు కిందకి దిగాక ఆ రబ్బరు రోజంతా మెలితిరిగే ఉంటుంది, ఏడాది తిరక్కుండా చీలుతుంది. నేను ముందు చక్రాల కింద వరసగా చెక్కలు పేర్చి, కారు బరువు చక్రాల మీదే ఉండగా కిందకి దూరి చివరి బిగింపు బిగించాను. చక్రం నట్లకి టార్క్ రెంచి (ఎంత బిగించామో కొలిచే పానా), సుమారు 100 న్యూటన్ మీటర్లు.

టెస్ట్ డ్రైవ్‌కి బయల్దేరి గేటు దాటగానే స్టీరింగ్ కుడికి తిప్పితే "టంగ్". మళ్లీ ఎడమకి, "టంగ్". గుడిగంటలా. డొక్కు పోయి టంగు వచ్చింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఏమీ అనలేదు, అనకపోవడమే ఎక్కువ బాధ. స్ప్రింగు కింది కొస ఆనడానికి పళ్లెంలో చిన్న మెట్టు లాంటిది ఉంటుంది. కొస ఆ మెట్టుకి తగిలి కూర్చోవాలి. నేను కుడివైపు దాన్ని ఒక వేలెడు దూరంలో వదిలేశాను. స్టీరింగ్ తిప్పినప్పుడు స్ప్రింగు బిగదీసుకుని, బిగదీసుకుని, ఒక్కసారి జారి సర్దుకుంటోంది, అదీ ఆ గంట. తర్వాతి ఆదివారం మళ్లీ విప్పాను. కంప్రెసర్ రెండో వాడకం.

తర్వాత చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూసి సరిచేసే అలైన్‌మెంట్. స్టీరింగ్ కొంచెం కుడికి వంగి ఉంది, స్ట్రట్ మార్చాక అది మామూలే. కంప్యూటర్ అలైన్‌మెంట్ షాపులో 350 తీసుకుని, ముందు కొలతలు, తర్వాత కొలతలు ఉన్న కాగితం ప్రింటు తీసి చేతికిచ్చారు. కాగితం ఇవ్వని చోట చేయించుకోకండి, ఏం చేశారో, అసలు చేశారో లేదో తెలియదు.

సంక్రాంతికి ఊరెళ్లాం. ఉయ్యూరు దాటి లోపలి రోడ్డు ఎక్కాక ఆ అలల మీద కారు ఒకసారి లేచి, ఒకసారి కూర్చుని, ఆగిపోయింది. ఇంతకుముందు మూడు నాలుగుసార్లు ఊగేది. వెనక సీట్లో అమ్మ నిద్రపోయింది, ఆ రోడ్డు మీద ఆమె నిద్రపోవడం నేను చూడలేదు. గేబ్రియల్ వాటికి నా వైపు నుంచి ఫుల్ మార్కులు, ఇప్పటికి 9,000 కిలోమీటర్లు తిరిగింది, రెండూ పొడిగా ఉన్నాయి.

మార్చి మొదటి వారంలో ఎడమవైపు మళ్లీ "డొక్". ఈసారి నాకు వెతకాల్సిన పని లేదు. బానెట్ ఎత్తి మా వాణ్ని స్టీరింగ్ తిప్పమంటే మౌంటు నడుమ భాగం తిరుగుతోంది గానీ చుట్టూ ఉన్న రబ్బరు దాన్ని వదిలేసింది, ఇనుముకీ రబ్బరుకీ మధ్య చీకటి గీత. మూడు నెలలు కూడా నిండలేదు. సగం ధరకి కొన్నది సగం సంవత్సరం కూడా రాలేదు. కుడిది ఇంకా బతికే ఉంది గానీ దాన్నీ నమ్మలేక రెండూ మోబిస్‌వే వేశాను. షాపాయన ఈసారి కూడా ఏమీ అనలేదు, నేను అడగకముందే కంపెనీ డబ్బాలు రెండు కౌంటరు మీద పెట్టాడు. ఇంటికొచ్చి కంప్రెసర్ మూడోసారి తీశాను. చేయి తిరిగిపోయింది కాబట్టి ఒక్కో వైపు గంట కూడా పట్టలేదు, కొస మెట్టుకి ఆనిందో లేదో సెల్‌ఫోన్ లైటు వేసి రెండుసార్లు చూశాను.

మొత్తం లెక్క వేస్తే సామాన్లు, పారేసిన మౌంట్లు, లేత్, అలైన్‌మెంట్, స్టాండ్లు, టార్క్ రెంచి, రెండు కంప్రెసర్లు అన్నీ కలిపి 15 వేలు దాటింది. అందులో మౌంట్లు మొదటిసారే మంచివి వేసి, స్ప్రింగులు బాబాయ్ దగ్గర మార్పించుకుని ఉంటే ఇంకో మూడు నాలుగు వేలు మిగిలేవి, రెండు ఆదివారాలు కూడా.

కంప్రెసర్ ఇప్పుడు అటక మీద ఉంది. పక్కింటి అంకుల్ ఆల్టోకి కూడా శబ్దం మొదలైందట, మొన్న వచ్చి అడిగారు. ముందు లేత్ షాపుకి దారి చెప్పాను, ఒకదానికి 200 అని కూడా చెప్పాను. అంతా విని, "అదలా ఉంచు, అటకకి నిచ్చెన నువ్వు వేస్తావా, నన్ను వేసుకోమంటావా" అన్నారు. గ్రీజు డబ్బా కూడా ఇచ్చి పంపాను.